గొడవ రాకముందే మొదలవ్వాల్సిన పని: వాడలో శాంతి, న్యాయ బృందం నడపడం

రాళ్ళు పడ్డ మర్నాడు వేసే శాంతి కమిటీ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. అందులో కూర్చున్నవాళ్ళకు ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉండదు, ఒకరి మాట మీద ఒకరికి గురి ఉండదు. 1970లోనూ 1984లోనూ మతకల్లోలాలతో అట్టుడికిన మహారాష్ట్రలోని భివండీలో, 1988 నుంచి సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి చొరవతో మొహల్లా కమిటీలు ఏర్పడ్డాయి. రెండు మతాల సామాన్యులు కలిసి కూర్చుని చిన్న తగవును చిన్నగా ఉన్నప్పుడే మాట్లాడుకోవడం వాటి పని. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో పక్కనే ముంబై తగలబడుతుంటే భివండీ నిలదొక్కుకుంది. ఆ రోజుల్లో అక్కరకొచ్చింది అంతకుముందు ఏమీ జరగని రోజుల్లో కూడబెట్టుకున్న పరిచయమే.

మూడు నాలుగు వందల ఇళ్ళున్న ఒక వాడను దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. అంతకు పెద్దదైతే రెండు బృందాలు కట్టుకోండి, ఒకే బృందాన్ని సాగదీయకండి.

ఎవరు కూర్చోవాలి

ఏడుగురు నుంచి తొమ్మిదిమంది చాలు. పదిహేను మంది అయితే సమావేశం సభ అవుతుంది, నలుగురే మాట్లాడతారు. సభ్యులను ఎంచేముందు వాడ పటం ఒకటి గీసి, ప్రతి వీధి మీద "రాత్రి పదకొండుకి తలుపు కొడితే ఈ వీధిలో ఎవరికి తీస్తారు?" అని రాసుకోండి. ఏ వీధికి పేరు రాకపోతే ఆ వీధి మనిషి బృందంలో లేనట్టే. ముందు ఆ ఖాళీ పూరించాలి. ప్రతి వర్గం నుంచీ కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే ఆ మనిషి సభ్యుడు కాడు, తన వర్గమంతటి తరఫున జవాబు చెప్పుకునే సాక్షి అవుతాడు, రెండో నెలకల్లా రావడం మానేస్తాడు.

పేరున్న పెద్దమనుషులతో బృందాన్ని నింపాలనే ఆశ మొదట్లో అందరికీ ఉంటుంది. పెద్దమనిషికి కాపాడుకోవాల్సిన పరువు ఉంటుంది, తన వర్గం ముందు మెత్తబడలేడు. రోజూ అన్ని ఇళ్ళతో పని పడేవాళ్ళు అంతకన్నా అక్కరకొస్తారు: నర్సు, టీచరు, ఆటో నడిపేవారు, కొట్టు పెట్టుకున్నవారు. కెన్యా ఈశాన్యంలోని వజీర్‌లో 1990ల మొదట్లో సోమాలీ తెగల మధ్య చంపుకోవడాలు జరుగుతున్నప్పుడు, దేఖా ఇబ్రహీం అబ్ది తదితర మహిళలు పని మొదలుపెట్టింది సంతలోనే. ఏ తెగ మహిళైనా అక్కడ అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు అని ఒప్పించి, ఆ మాట నిలబడుతోందో లేదో తామే కాపలా కాశారు. తెగ పెద్దలు, యువకులు, అధికారులు ఆ తర్వాత వచ్చి కలిశారు. పెద్దలు అక్కర్లేదని కాదు దీని అర్థం. వాళ్ళు రెండో విడతలో రావాలి.

ఎన్నికల్లో నిలబడాలనుకునేవారిని, వడ్డీ వ్యాపారం చేసేవారిని బృందంలో పెట్టుకోకండి. ఇది కఠినంగా అనిపించినా సడలించకండి. తాము బాకీ పడ్డ మనిషి ముందు ఎవరూ నిజం చెప్పరు.

సమావేశం పదిహేను రోజులకొకసారి, ప్రతిసారీ వారంలో అదే రోజు, అదే వేళకు, డెబ్బై అయిదు నిమిషాలు. రెండు గంటలకు సాగితే ఇంటిపని ఉన్న ఆడవాళ్ళు, పొద్దున్నే కూలికి పోయేవాళ్ళు ముందు జారిపోతారు. చివరికి తీరిక ఉన్నవాళ్ళే నిర్ణయాలు చేస్తారు. చోటు కూడా అన్ని వర్గాలవాళ్ళూ సంకోచం లేకుండా కాలుపెట్టేది కావాలి. అలాంటిది లేకపోతే వంతులవారీగా మార్చండి.

వినడం

మొదటి ఆరు వారాలు ఏ కార్యక్రమమూ పెట్టకండి, ఇళ్ళకు వెళ్ళి వినండి. యాభై ఇళ్ళు లక్ష్యం. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, ఆ ఇద్దరూ వేర్వేరు వర్గాలవాళ్ళైతే మేలు. ఒకరు అడగాలి, ఒకరు గమనించాలి. ఇంటికి ముప్పై నలభై నిమిషాలు. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడాలి, ఇంట్లో మగవాళ్ళు లేని వేళ చూసుకుని.

"మీకేమైనా సమస్యలున్నాయా?" అని అడిగితే రోడ్డు, మురుగు, వీధిదీపం అని అలవాటుగా మూడు మాటలు వస్తాయి. ప్రశ్న జరిగిన సంగతి మీద ఉండాలి: ఈ వాడలో మీకు చివరిసారి భయం వేసిందెప్పుడు? చీకటి పడ్డాక మీరు వెళ్ళని వీధి ఏది, ఎందుకు? మీవాళ్ళకు దక్కాల్సింది దక్కలేదని ఈ మధ్య ఎప్పుడనిపించింది? గొడవైతే ముందు ఎవరి దగ్గరకు పోతారు? ఈ నాలుగు చాలు. జవాబు ఆగినచోట మీరు నింపకండి, పది సెకన్లు ఊరుకోండి. అసలు మాట చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది.

అక్కడ కూర్చుని రాసుకోవద్దు, ఫొటో వద్దు, ఫోన్ రికార్డింగు అసలే వద్దు. బయటికొచ్చాక ఆ రాత్రే, వాళ్ళన్న మాటల్లోనే రాసుకోవాలి. పేర్లు ఒక పుస్తకంలో, మాటలు ఇంకో పుస్తకంలో ఉంచి, రెంటినీ కలిపే అంకె మాత్రం వేసుకోండి. రెండు పుస్తకాలూ ఒకే ఇంట్లో ఉండకూడదు. ఎవరో ఒకరు ఆ పుస్తకం చూపించమని ఒత్తిడి చేసే రోజు వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు మాటివ్వడం. "మేం చూసుకుంటాం" అని ఒక్కసారి నోరు జారితే అది వాడంతా పాకుతుంది. పని కాకపోతే మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేరు. "విన్నాం, ఫలానా తేదీలోపు మళ్ళీ వస్తాం" అనండి, ఆ తేదీకి వెళ్ళండి, చెప్పడానికి ఏమీ లేకపోయినా సరే.

విన్నదాన్ని మూడుగా విడదీయడం

ఇక్కడ తప్పితే తర్వాత ఎంత కష్టపడినా ఫలితం ఉండదు. అందుకే దీనికి ఒక పూర్తి సమావేశం కేటాయించండి. ఒక్కో సంగతీ ఒక చీటీ మీద రాసి మూడు కుప్పలు చేయాలి.

మొదటిది తగవు: ఇంచుమించు సమానమైన బలం ఉన్న ఇద్దరి మధ్య గోడ, దారి, చప్పుడు, పాత మాట. రెండోది అన్యాయం: ఒకరికి ఇవ్వాల్సింది ఇంకొకరు ఆపారు, ఆపగల బలం వాళ్ళకుంది. కూలి ఎగ్గొట్టడం, ఒక వీధికే నీళ్ళు రాకపోవడం, పుట్టుక చూసి అద్దెకు ఇల్లివ్వకపోవడం ఈ కుప్పలోవి. మూడోది భయం, పుకారు: జరగనిది, జరుగుతుందనుకుంటున్నది.

మొదటిదానికి రాజీ మందు. రెండోదానికి రాజీ విషం. కూలి డబ్బు ఎగ్గొట్టిన యజమానినీ, ఆ కూలీనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఇద్దరూ కాస్త తగ్గండి" అంటే కూలీకి రావాల్సినదాంట్లో సగం మీరే పోగొట్టినట్టు. శాంతి పేరుతో జరిగే పనుల్లో నష్టం చేసేది ఎక్కువగా ఇదే. తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది: ఈ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ రాజీకి "ఒప్పుకోను" అని చెప్పి, రేపు పొద్దున ఏ భయమూ లేకుండా బయట తిరగగలరా? ఒక్కరు తిరగలేకపోయినా అది తగవు కాదు, అన్యాయమే. ఇంట్లో కొట్టడం, పిల్లల మీద అఘాయిత్యం, లైంగిక హింస, పుట్టుక కారణంగా వెలి, ఇవి ఎప్పటికీ రాజీకి వచ్చేవి కావు. బాధితుల భద్రత ముందు, ఆ తర్వాత చట్టం. వాళ్ళు వద్దన్నంతవరకు వాళ్ళ సంగతి బృందం దాటకూడదు. పిల్లల విషయంలో మాత్రం ఆగకూడదు, వెంటనే చట్టానికి చెప్పాలి.

అన్యాయం మీద పని

రెండో కుప్పలోంచి ఒక్కటే తీసుకోండి. దానికి మూడు లక్షణాలుండాలి: చాలామందికి తగిలేది, ఫలానా మనిషి సంతకం పెడితే తీరేది, మూడు నెలల్లో ఏదో ఒక మార్పు కంటికి కనబడేది. "వివక్ష పోవాలి" అనేది కోరిక, దానిమీద ఎవరూ సంతకం పెట్టలేరు. "తూర్పు వీధి కొళాయికి మిగతా వీధులతో సమానంగా రోజూ గంట నీళ్ళు వదలాలి" అనేది డిమాండు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని తమ బాధలు చెప్పుకుంటూ పోతే, అన్నీ సారా దగ్గరకే చేరాయి. వాళ్ళు "తాగుడు మానాలి" అని ఊరుకోలేదు, "మా ఊళ్ళో సారా కొట్టు ఉండకూడదు" అన్నారు. అది ఊరూరా పాకి సారా వేలంపాటలు జరగనివ్వని స్థాయికి చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మొదటి డిమాండు ఒక కొట్టంత చిన్నది కాబట్టే మొదటి గెలుపు సాధ్యమైంది.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద అడ్డగీత, నిలువుగీత గీయండి. పైకి వెళ్ళేకొద్దీ నిర్ణయం మీద బలం ఎక్కువ, కుడికి వెళ్ళేకొద్దీ మనవైపు మొగ్గు. సంబంధం ఉన్న ప్రతి మనిషి పేరూ ఎక్కడ పడుతుందో అక్కడ రాయండి. పైన ఎడమవైపు ఉన్నవారిని మార్చడానికి నేరుగా వెళ్ళకండి. వాళ్ళు ఎవరి మాట వింటారో గీతలు గీసి చూడండి, వాళ్ళలో నడిమధ్య ఉన్నవారు ఎవరో వెతకండి. మీ సమయమంతా అక్కడ పెట్టాలి. పూర్తి వ్యతిరేకులను మార్చబోయి నెలలు పోగొట్టుకున్న బృందాలే ఎక్కువ.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు: ఒక డిమాండు, మూడు ఆధారాలు, జవాబు కోరే తేదీ. ఆధారం అంటే ఆవేశం కాదు. పద్నాలుగు రోజులపాటు ఏ వీధికి ఎన్ని నిమిషాలు నీళ్ళొచ్చాయో గడియారం చూసి రాసిన పట్టిక. రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. అది లేకపోతే అర్జీ ఇవ్వనట్టే లెక్క. పదిహేను రోజులు చూసి గుర్తుచేసే ఉత్తరం, మరో పదిహేనుకి పై అధికారికి, ఆ తర్వాత పత్రికలకు, ఆ తర్వాత బహిరంగ కార్యక్రమం. మెట్లు వరసగా ఎక్కాలి. మొదటిరోజే ధర్నాకు కూర్చుంటే రెండోరోజు చేయడానికి ఏమీ మిగలదు.

అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లవారు చేసిన బస్సుల బహిష్కరణను జనం 1955 డిసెంబరు 1న, తెల్లవారికి సీటు వదలనన్న రోజా పార్క్స్ అరెస్టుతో మొదలైందనుకుంటారు. ఆ ఊళ్ళో 1946లోనే పుట్టిన మహిళా రాజకీయ మండలి, 1954 మేలో మేయరుకు లేఖ రాసి, బస్సుల్లో తీరు మారకపోతే ఎక్కడం మానేస్తామని హెచ్చరించింది. అరెస్టు జరిగిన రాత్రే ఆ మండలి అధ్యక్షురాలు జో ఆన్ రాబిన్సన్ వేల కరపత్రాలు అచ్చు తీయగలిగారంటే, ఎవరికి ఎక్కడ పంచాలో ముందే తెలిసినందువల్లే. 381 రోజులు సాగడానికి ఇంకో కారణం ఉంది: పనికి వెళ్ళేవాళ్ళను దింపడానికి సొంత కార్ల ఏర్పాటు చేసుకున్నారు. మీరు ఏదైనా మానేయమని జనాన్ని అడిగితే, ఆ రోజు వాళ్ళ పని ఎలా గడవాలో కూడా మీరే చూపాలి.

తగవు తీర్చడం

ఇద్దరినీ మొదటే కలిపి కూర్చోబెట్టడం పెద్ద తప్పు. ముందు విడివిడిగా, ఒక్కొక్కరితో ముప్పావుగంట. ఆ మాటల్లో రెండు వెతకాలి: వాళ్ళు అడుగుతున్నది ఏమిటి, అది ఎందుకు కావాలి. "ఆ గోడ కూలగొట్టాలి" అనేది అడిగేది. "బండి ఇంట్లోకి రావడంలేదు" అనేది ఎందుకు. అడిగేవి ఢీకొన్నా, ఎందుకులు చాలాసార్లు ఢీకొనవు. రాజీ అంతా ఆ సందులోనే ఉంటుంది.

మధ్యవర్తులు ఇద్దరుండాలి, ఇరువైపులా చుట్టరికం లేనివాళ్ళు. ఉమ్మడి కూర్చోవడం రెండు గంటలకు మించకూడదు. చూడ్డానికి జనం ఉండకూడదు, ఎందుకంటే జనం ముందు ఎవరూ తగ్గరు. వెంట ఒక్కొక్కరికి ఒక మనిషి చాలు. ఇద్దరినీ ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కవాటుగా, మధ్యవర్తుల వైపు మొహం ఉండేలా కూర్చోబెట్టండి. మొదట పది నిమిషాలు ఒకరు మాట్లాడాలి, రెండోవారు అడ్డురాకుండా విని, విన్నది తన నోటితో చెప్పాలి. "అవును, అదే అన్నాను" అని మొదటివారు ఒప్పుకునేదాకా రెండోవారి వంతు రాదు. ఇది చాదస్తంగా కనిపిస్తుంది, విసుక్కుంటారు కూడా. అయినా సగం కోపం ఇక్కడే దిగుతుంది, వదలకండి.

బలవంతంగా క్షమాపణ చెప్పించవద్దు. దాని బాకీ తర్వాత ఇంకోచోట తీర్చుకుంటారు. ఒప్పందంలో "కలిసిమెలిసి ఉంటాం" లాంటి వాక్యాలు రాయవద్దు. ఎవరు, ఏం, ఏ తేదీలోపు, చేయకపోతే ఏమిటి, అంతే. "శనివారం సాయంత్రంలోపు గోడ మూల మూడడుగులు వెనక్కి జరుపుతారు, ఖర్చు చెరిసగం" అన్నట్టుండాలి. వారానికి, నెలకు, మూడు నెలలకు వెళ్ళి చూసే తేదీలు ఆ కాగితం మీదే వేయండి. మొదటి వారం చూడటం మానేస్తే చాలా ఒప్పందాలు అక్కడే చెడతాయి.

పుకారు వచ్చిన గంట

దీనికి ముందే గొలుసు కట్టుకోవాలి. ప్రతి సభ్యుడూ ముగ్గురికి, ఆ ముగ్గురూ తలా ముగ్గురికి ఫోన్ చేస్తే, తొమ్మిదిమంది నుంచి నూటయెనిమిది ఇళ్ళకు మాట చేరుతుంది. ఆ జాబితా కాగితం మీద కూడా ఉండాలి, ఫోన్లు ఆగిపోయే రోజు రావచ్చు. ప్రతి వీధికి నడిచివెళ్ళి చెప్పే ఇద్దరి పేర్లు కూడా దానిమీద రాయండి. నెలకోసారి మామూలు సంగతితో గొలుసును కదిపి, చివరి ఇంటికి చేరడానికి ఎంతసేపు పట్టిందో కొలవండి. గంట దాటితే ఎక్కడ తెగిందో చూసి అతకండి.

మాట రాగానే అడగాల్సినవి: కళ్ళారా చూసింది ఎవరు? ఎక్కడ, ఎన్నింటికి? "అందరూ అంటున్నారు" అనేది జవాబు కాదు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చినదని. పంపినవారికి కూడా మూలం తెలియదు. ఫొటో అయితే అది ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందేమో గూగుల్ లెన్స్‌లో వెతకండి, వీడియో అయితే ఒక దృశ్యం ఆపి అదే పని చేయండి. అక్కడున్న బోర్డుల భాష, బండి నంబర్లు, జనం వేసుకున్న బట్టలు చూడండి. మరీ ముఖ్యం, అక్కడికి ఇద్దరిని పంపండి. ఒక్కో వర్గం నుంచి ఒక్కరు కలిసి వెళ్ళాలి, ఎందుకంటే తిరిగొచ్చి చెప్పేది రెండు వైపులా నమ్మాలి.

అరగంటలోపు మొదటి మాట బయటికి వెళ్ళాలి, అన్నీ తేలకపోయినా. "బడి దగ్గర రెండు బళ్ళు గుద్దుకున్నాయి. ఒకరికి కాలికి దెబ్బ, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎవరూ చనిపోలేదు. మిగతా వివరం ఆరుగంటలకు చెబుతాం." మొదట నిజం ఉండాలి. అబద్ధాన్ని ముందు చెప్పి తర్వాత ఖండిస్తే వినేవారికి అబద్ధమే గుర్తుంటుంది. గొంతు తెలిసినవారి ఆడియో, రాత కంటే ఎక్కువ నమ్మిస్తుంది. ఆరుగంటలకు కొత్త సంగతి లేకపోతే లేదనే చెప్పండి, ఆ సమయం మాత్రం దాటనివ్వవద్దు. ఒకవేళ నిజంగానే ఘోరం జరిగి ఉంటే దాచకండి, తగ్గించి చెప్పకండి. ఒక్కసారి దాచారని తేలితే మీ గొలుసు మీద నమ్మకం మళ్ళీ రాదు.

ఊరేగింపులు, ఎన్నికల ఫలితాలు, గతంలో గొడవ జరిగిన తేదీలు ఏడాది మొదట్లోనే క్యాలెండరు మీద గుర్తుపెట్టుకోండి. ఆ రోజుకు మూడు రోజుల ముందు నుంచి బృందం రోజూ పావుగంట కలవాలి.

జనం రోడ్డెక్కే రోజు

అనుమతి కాగితం అసలు ఒకరి దగ్గర, నకలు ఇద్దరి దగ్గర. ప్రతి ఇరవైమందికి ఒక వాలంటీరు, ఒకే రంగు చేతిపట్టీతో. మొదలయ్యే సమయంతోపాటు ముగిసే సమయం కూడా ముందే ప్రకటించండి. గొడవలు ఎక్కువగా సభ అయిపోయాక, చెల్లాచెదురుగా ఇళ్ళకు పోయేటప్పుడే జరుగుతాయి. కాబట్టి నలుగురైదుగురు జట్లుగా వెళ్ళాలి, ఇల్లు చేరాక ఫోన్ చేయాలి.

వాలంటీర్లకు చెప్పి ఊరుకుంటే చాలదు, నటించి సాధన చేయించాలి. 1960 ఫిబ్రవరి 13న అమెరికాలోని నాష్‌విల్‌లో, నల్లవారిని కూర్చోనివ్వని భోజనశాలల్లో బైఠాయింపులకు దిగిన విద్యార్థులు, అంతకుముందు జేమ్స్ లాసన్ శిక్షణలో ఒకరిచేత ఒకరు తిట్టించుకుని, తోయించుకుని, చేయి లేవకుండా ఉండటం నేర్చుకున్నారు. మే 10న ఆ కౌంటర్లు నల్లవారికి తెరుచుకోవడం మొదలైంది. మీరూ మూడు గంటల సాధన పెట్టండి: రెచ్చగొట్టే మనిషిగా ఒకరు నటించాలి, వాలంటీరు రెండు చేతుల దూరంలో, పక్కవాటుగా, చేతులు కనబడేలా నిలబడి, ఆయన గొంతుకంటే తగ్గిన గొంతుతో పేరు అడిగి మాట కలపాలి. ముట్టుకోకూడదు, వాదించకూడదు, వెంటపడకూడదు. పట్టుకోవాల్సిన పరిస్థితి వస్తే ఇద్దరు వాలంటీర్లు మధ్యలో అడ్డంగా నిలబడి, మిగతా జనాన్ని అవతలికి నడిపించాలి. కోపిష్టిని కదల్చడంకన్నా జనాన్ని కదల్చడమే తేలిక.

లెక్కలు, మార్పులు

డబ్బు తక్కువ ఉండటమే మంచిది. పార్టీల నుంచి, వాడలో లాభం చూసుకునేవారి నుంచి పైసా తీసుకోవద్దు. ఖర్చుకు ఇద్దరి సంతకాలు, ప్రతి సమావేశంలో లెక్క పైకి చదవడం, అంతే.

ప్రతి పని తర్వాత అక్కడే ఇరవై నిమిషాలు కూర్చోండి: ఏమవుతుందనుకున్నాం, ఏమైంది, ఈసారి ఏం మార్చాలి. తప్పు చేసినవారి పేరు కాకుండా తప్పు జరిగిన చోటు మీద మాట నడవాలి. అదే మనిషి రెండేళ్ళు ముందుంటే బృందం ఆయన పేరుతో పిలవబడుతుంది, ఆయన అలిసిపోయిన రోజు ఆగిపోతుంది. అందుకని ఆరు నెలలకోసారి బాధ్యతలు మారాలి. పాతవారు కొత్తవారి పక్కన రెండు సమావేశాలు కూర్చుని, లెక్కపుస్తకం, ఫోన్ నంబర్ల కాగితం, చూడాల్సిన ఒప్పందాల తేదీలు అప్పగించాలి. ఆ తేదీలకు మొదటిసారి ఇద్దరూ కలిసే వెళ్ళాలి.